లేబుల్ ఊడిపోతే రాయి ఒట్టి రాయే: కేంబ్రిడ్జ్‌లోని మూడు వందల ఏళ్ల నాటి సొరుగుల కథ

ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చెప్తాను, చేస్తారా? ఫోన్‌లో గ్యాలరీ ఓపెన్ చేసి ఒక అయిదారేళ్లు వెనక్కి వెళ్లండి. ఏదో ఒక కొండ ఫోటో తగులుతుంది. ఎక్కడ తీసిందో చెప్పగలరా? మీరే తీసింది అయితే లొకేషన్, తేదీ ఆ ఫైల్ లోపల ఉండొచ్చు. అదే వాట్సాప్‌లో ఎవరో మామూలుగా పంపిన ఫోటో అయితే ఆ వివరాలు దారిలోనే రాలిపోయి ఉంటాయి. ఫోటో బాగానే ఉంటుంది. కానీ అది ఏ కొండో చెప్పేవాళ్లు లేకపోతే, అది ఏదో ఒక కొండ, అంతే.

ఇప్పుడు ఇది చూడండి. (చేతిలో రాయి చూపిస్తూ) ఇది నా చిన్నప్పటి బిస్కెట్ డబ్బాలోది. సెలవుల్లో ఎక్కడికి వెళ్లినా ఒక రాయి తెచ్చి ఆ డబ్బాలో వేసేవాణ్ణి. మా అమ్మ రెండుసార్లు పారేయబోతే ఏడ్చి ఆపాను. ఇందులో ఒకటి మంగంపేట ముగ్గురాయి అని గట్టిగా చెప్పగలను. ఎందుకంటే మంగంపేట వెళ్లిన రోజు నాకు బాగా గుర్తు. పైగా చేతిలో పెట్టుకుంటే సైజుకి మించిన బరువు ఉంటుంది. నీటికంటే దాదాపు నాలుగున్నర రెట్లు బరువైన ఖనిజం అది. చమురు బావులు తవ్వేటప్పుడు బురదలో కలిపేది దీన్నే. సరే, మరి మిగతావి? ఈ తెల్లగా మెరిసేది పలుగురాయి. దీన్ని వైజాగ్‌లో ఏరానా, శ్రీశైలం దారిలో ఏరానా, మా వీధి చివర కంకర కుప్పలో ఏరానా? నాకు తెలీదు. ఎవరిని అడిగినా చెప్పలేరు.

ఈరోజు కథ, నేను చేసిన ఈ తప్పు చేయని ఒకాయన గురించి. ఆయన మిగతా విషయాల్లో చాలా తప్పులే చేశాడు. అందరితో గొడవలు పెట్టుకున్నాడు. ఆయన కట్టిన పెద్ద సిద్ధాంతం పూర్తిగా కూలిపోయింది. కానీ ఆయన పోగుచేసిన రాళ్లు మాత్రం మూడు వందల ఏళ్లుగా, ఆయన పెట్టిన బీరువాల్లోనే, నంబర్లతో సహా అలాగే ఉన్నాయి.

ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి సెడ్జ్‌విక్ మ్యూజియం అని ఒక భూగర్భశాస్త్ర ప్రదర్శనశాల ఉంది. ఇప్పుడున్న భవనాన్ని 1904లో రాజు ఏడో ఎడ్వర్డ్ ప్రారంభించాడు. లోపలికి వెళ్తే పిల్లలందరూ నేరుగా డైనోసార్ అస్థిపంజరం దగ్గరికి పరిగెడతారు. అది సహజం. కానీ అదే మ్యూజియంలో ఐదు పాత బీరువాలు ఉన్నాయి. వాల్‌నట్ చెక్కతో చేసినవి. సొరుగు లాగితే లోపల చిన్న చిన్న అరలు, ఒక్కో అరలో ఒక రాయో, ఖనిజమో, శిలాజమో. మొత్తం కలిపితే 10,000కి దగ్గరగా ఉంటాయి. ఇంత పాతది, ఇంత చెక్కుచెదరకుండా మిగిలిన భూగర్భ సేకరణ ప్రపంచంలోనే చాలా అరుదు. దీన్ని కూడబెట్టినాయన పేరు జాన్ వుడ్‌వర్డ్.

వుడ్‌వర్డ్ 1665లో పుట్టాడు. వృత్తికి డాక్టర్. 1692లో లండన్‌లోని గ్రెషామ్ కాలేజీలో వైద్యశాస్త్ర ప్రొఫెసర్ అయ్యాడు. రాళ్ల పిచ్చి అంతకు రెండేళ్ల ముందే పట్టుకుంది. గ్లాస్టర్‌షైర్ అనే ప్రాంతంలో ఉన్నప్పుడు, సముద్రానికి ఎంతో దూరంగా ఉన్న పొలాల రాళ్లలో గవ్వలు, ఆల్చిప్పలు కనిపించాయి. సముద్రం లేని చోట ఆల్చిప్పలేంటి? ఇప్పుడు మనకి ఇది స్కూల్ పాఠం. అప్పట్లో మాత్రం పెద్ద గొడవ. కొందరు పెద్ద పెద్ద పండితులే, అవి నిజమైన జీవుల అవశేషాలు కావు, భూమి తనంతట తానే సరదాగా చెక్కుకున్న బొమ్మలు అనేవాళ్లు. కాదు, అవి ఒకప్పుడు బతికిన జీవులవే అని వుడ్‌వర్డ్ గట్టిగా నిలబడ్డాడు. ఆ విషయంలో ఆయనే కరెక్ట్.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ రోజుల్లో 'ఫాసిల్' అంటే ఇప్పటి అర్థం కాదు. లాటిన్‌లో ఆ మాటకి తవ్వి తీసింది అని అర్థం. కాబట్టి భూమిలోంచి వచ్చిన ప్రతిదీ ఫాసిలే: స్ఫటికాలు, ముడిఖనిజాలు, మట్టి, బొగ్గు, ఆల్చిప్ప, అన్నీ. అందుకే వుడ్‌వర్డ్ బీరువాల్లో రాగి, తగరం ముడిఖనిజాలు ఒక సొరుగులో, శిలాజాలు ఇంకో సొరుగులో కనిపిస్తాయి. ఆయన దృష్టిలో అదంతా ఒకే సబ్జెక్ట్.

సరే, రాళ్లు ఏరేవాళ్లు అప్పటికే చాలామంది ఉన్నారు. యూరప్‌లో డబ్బున్న ప్రతివాడి ఇంట్లో ఒక 'వింతల గది' ఉండేది. మొసలి చర్మం, వింత గవ్వ, మెరిసే రాయి, ఎక్కడిదో ఒక దంతం. అతిథులు వస్తే చూపించి మురిసిపోవడం. అది ఒక రకంగా ఆ కాలపు ఇన్‌స్టా. అందంగా ఉన్నదే లోపలికి వస్తుంది, మామూలుగా ఉన్నది రాదు.

వుడ్‌వర్డ్ ఇక్కడే వేరే దారి పట్టాడు. 1696లో ఒక చిన్న పుస్తకం వేశాడు. దాని పేరు తెలుగులో చెప్పాలంటే 'ప్రపంచంలో అన్ని చోట్లా పరిశీలనలు చేయడానికి క్లుప్తంగా సూచనలు'. ఓడల్లో వెళ్లేవాళ్లు, దూరదేశాల్లో వ్యాపారం చేసేవాళ్లు, గనుల దగ్గర ఉండేవాళ్లు ఏం చూడాలి, ఏం రాసుకోవాలి, ఏం పంపాలి అని వరసగా చెప్పాడు. అందులో నాకు బాగా నచ్చినవి రెండు సంగతులు.

ఒకటి, మామూలు రాళ్లని వదిలేయొద్దు అన్నాడు. దారిలో దొరికే గులకరాయి అయినా, ఒట్టి ఆల్చిప్ప అయినా పంపమన్నాడు. ఎందుకంటే అక్కడ మామూలుగా దొరికేదేంటో తెలిస్తేనే కదా ఆ చోటు ఎలాంటిదో తెలిసేది. మా ఊళ్లో రోడ్డు పక్కన ఉండే రాయిని ఎవరూ ఫోటో తీయరు. కానీ ఆ ఊరి నేల గురించి నిజం చెప్పేది ఆ రాయే.

రెండోది ఇంకా ముఖ్యం. రాయి తీసిన వెంటనే చిన్న కాగితం ముక్క మీద నంబర్ వేసి దానికి జిగురుతో అంటించమన్నాడు. అదే నంబర్ ఒక పుస్తకంలో వేసి, ఏ ఊళ్లో దొరికింది, ఎంత లోతులో దొరికింది, అక్కడ అలాంటివి ఎన్ని ఉన్నాయి అన్నీ రాయమన్నాడు. తన సేకరణకీ అదే పద్ధతి పెట్టాడు. రాయి మీద నంబర్, జాబితాలో అదే నంబర్, దాని ఎదురుగా వివరం. ఇప్పుడు మనకి క్యూఆర్ కోడ్ ఎలాగో, అప్పట్లో ఇది అలా అన్నమాట. స్కాన్ చేసే ఫోన్ బదులు ఒక లావాటి పుస్తకం.

'ఇందులో గొప్పేముంది, నంబర్లు వేయడం ఎవరికి రాదు' అనిపిస్తుంది. కానీ ఆలోచించండి. నా పలుగురాయిలో ఉన్నది సిలికాన్, ఆక్సిజన్. బ్రెజిల్ పలుగురాయిలోనూ అదే. రాయిని కోసి, పొడి చేసి, ఏ మెషిన్‌లో పెట్టినా 'ఇది పలుగురాయి' అనే సమాధానం వస్తుంది. కానీ ఏ కొండలోంచి, ఏ పొరలోంచి, దాని పక్కన ఏమున్నాయి అనేది చాలాసార్లు రాయి ఒక్కటే చెప్పలేదు. శాస్త్రానికి కావలసింది సగం రాయిలో ఉంటే, మిగతా సగం ఆ చీటీలో ఉంటుంది.

రాయి తన ఊరు తానే ఎప్పుడూ చెప్పదా అంటే, అప్పుడప్పుడు చెప్తుంది. మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. కోల్‌కతాలో సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలో జాబ్ చార్నాక్ సమాధి ఉంది. ఈస్టిండియా కంపెనీ మనిషి, 1690ల్లో చనిపోయాడు. కోల్‌కతా అంతా గంగ తెచ్చిన ఒండ్రు మట్టి, అక్కడ నల్లటి గట్టిరాయి దొరకదు. మరి సమాధి పలక ఎక్కడిది? రెండు వందల ఏళ్ల తర్వాత థామస్ హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త దాన్ని చూసి, ఇది మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్‌లో దొరికే రాయి లాంటిదే అని గుర్తుపట్టాడు. ఆ రాతి రకానికి చార్నాక్ పేరు మీదే చార్నొకైట్ అని పేరు పెట్టాడు. అదే రకం రాయి మన తూర్పు కనుమల్లోనూ విస్తారంగా ఉంది. ఉత్తరాంధ్ర కొండల్లో దానికి తోడుగా ఖోండలైట్ అనే ఇంకో రాయి కూడా కనిపిస్తుంది. కోదుల పేరు మీద పెట్టిన పేరు అది. సో, అదృష్టం బాగుండి, రాయికి ఒక ప్రత్యేకమైన మొహం ఉండి, దాన్ని ఇంతకుముందే చూసిన మనిషి ఎదురుపడితే రాయి మాట్లాడుతుంది. కానీ ప్రతిసారీ ఇన్ని కలిసిరావు కదా.

మళ్లీ వుడ్‌వర్డ్ దగ్గరికి వద్దాం. ఎందుకంటే మనిషి గురించి చెప్పకపోతే సగం మజా పోతుంది.

ఈయన నోరు మంచిది కాదు. రాయల్ సొసైటీలో, అంటే ఐజాక్ న్యూటన్ అధ్యక్షుడిగా ఉన్న సొసైటీలో, హాన్స్ స్లోన్ అనే ఇంకో పెద్ద డాక్టర్‌తో పడేది కాదు. 1710లో మీటింగ్‌లోనే స్లోన్‌ని అవమానించి, క్షమాపణ చెప్పనని భీష్మించుకుని కూర్చున్నాడు. కౌన్సిల్ నుంచి తీసేశారు. 1717లో లండన్‌లో ఒక హాస్య నాటకం వేశారు, అందులో 'డాక్టర్ ఫాసిల్' అనే వెర్రి పాత్ర ఈయన మీద సెటైరే. అలెగ్జాండర్ పోప్ కూడా ఆ నాటకం రాసినవాళ్లలో ఒకడు. ఇప్పటి భాషలో మీమ్ అయిపోయాడన్నమాట. 1719లో మశూచికి ఏ వైద్యం చేయాలనే వాదన ముదిరి, రిచర్డ్ మీడ్ అనే డాక్టర్‌తో ఏకంగా కత్తులు దూసుకునేదాకా వెళ్లింది. వుడ్‌వర్డ్ కాలు జారి పడ్డాడు. మీడ్ నీ ప్రాణం అడుక్కో అంటే, నీ మందు తప్ప ఇంకేదైనా పుచ్చుకుంటాను అన్నాడని అప్పట్లో చెప్పుకునేవాళ్లు. కింద పడ్డా పంచ్ వదల్లేదు.

అంతెందుకు, రోమన్ల కాలం నాటిదని నమ్మి ఒక ఇనుప డాలు కొని గొప్పగా చెప్పుకున్నాడు. అది 16వ శతాబ్దంలో చేసిందని తర్వాత తేలింది. ఆ డాలు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. గమనించారా? డాలు మీద 'నేను ఫలానా చోట, ఫలానా లోతులో దొరికాను' అని చీటీ లేదు. రాళ్ల దగ్గర అంత జాగ్రత్తగా ఉన్నాయన, డాలు దగ్గర నమ్మకం మీద వెళ్లిపోయాడు.

ఇక ఆయన సిద్ధాంతం. 1695లోనే భూమి చరిత్ర మీద పుస్తకం రాశాడు. బైబిల్లోని నోవా జలప్రళయం సమయంలో భూమి పైభాగమంతా నీటిలో కరిగి ముద్దయిపోయిందని, తర్వాత బరువైనవి ముందు అడుగుకి, తేలికైనవి తర్వాత పైకి, అలా వరసగా దిగి పొరలు పొరలుగా గట్టిపడ్డాయని అందులో చెప్పాడు. ఆ బురదతో పాటు ఆల్చిప్పలు కూడా వాటి వాటి బరువుని బట్టి ఆయా పొరల్లో చిక్కుకున్నాయట. వినడానికి చక్కగా ఉంది. చాలామంది నమ్మారు కూడా. కానీ నేల తవ్వి చూస్తే బరువైన పొర కిందే ఉండాలన్న రూలేమీ కనిపించదు. తేలిక పొర మీద బరువైనది, దాని మీద మళ్లీ తేలికది. ఆ కాలంలోనే ఇది చూపించి విమర్శించినవాళ్లు ఉన్నారు.

నాకు ఇక్కడే ఆయన మీద గౌరవం కలుగుతుంది. తన సిద్ధాంతానికి సరిపోయే రాళ్లే ఉంచుకుని మిగతావి పారేసి ఉండొచ్చు. అలా చేయలేదు. మామూలువి, తిక్కవి, అన్నీ ఉంచాడు. అన్నిటికీ ఎక్కడిదో రాశాడు. అందువల్ల ఆయన చెప్పింది తప్పని తేలాక కూడా ఆయన సొరుగులు పనికొస్తూనే ఉన్నాయి. సిద్ధాంతం ఆయన సొంతం. వివరం మాత్రం తర్వాత వచ్చినవాళ్లందరిదీ అయింది.

1728లో చనిపోయేముందు వీలునామా రాశాడు. అది చదివితే మనిషి ఎలాంటివాడో తెలిసిపోతుంది. ఇంగ్లండ్‌లో దొరికిన రాళ్లున్న రెండు బీరువాలు కేంబ్రిడ్జ్‌కి ఇచ్చాడు. విదేశాల నుంచి వచ్చినవి ఉన్న బీరువాలని విశ్వవిద్యాలయం తర్వాత డబ్బు పెట్టి కొనుక్కుంది. ఒట్టి రాళ్లిచ్చి ఊరుకోలేదు, వాటిని చూసుకోవడానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టమని ఆస్తి కూడా రాశాడు. ఆ మనిషి పెళ్లి కానివాడై ఉండాలి, ఎందుకంటే భార్యాపిల్లల ధ్యాసలో పడితే రాళ్లని పట్టించుకోడని భయం! వారానికి మూడు రోజులు అక్కడ కూర్చుని, ఆసక్తి ఉండి వచ్చినవాళ్లకి చూపించాలి. చూపిస్తున్నంతసేపూ పక్కనే ఉండాలి, ఒక్కటి కూడా విరగకూడదు, పోకూడదు. పైగా వేరేవాళ్లు ఏటా వచ్చి అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో తనిఖీ చేయాలి.

నవ్వొచ్చే షరతులే. కానీ ఆ చాదస్తమే కాపాడింది. ఆయనకి పడని హాన్స్ స్లోన్ ఉన్నాడు కదా, ఆయన సేకరణ ఇంకా పెద్దది. దాంతోనే 1753లో బ్రిటిష్ మ్యూజియం పుట్టింది. పేరు ప్రఖ్యాతుల్లో స్లోన్ ఎక్కడో ఉన్నాడు. కానీ ఆయన ఖనిజాల్లో చాలా భాగం తర్వాత వేరేవాటితో కలిసిపోయి, చెదిరిపోయి, ఇవి ఆయనవే అని ఇప్పుడు చెప్పగలిగేవి కొన్నే మిగిలాయి. వుడ్‌వర్డ్‌వి మాత్రం ఆయన సొరుగుల్లో ఆయన వరసలోనే ఉన్నాయి. ఇద్దరి గొడవలో చివరి మాట ఈయనదే అయింది అనుకోవచ్చు.

ఆ ఉద్యోగం, పెళ్లి కానివాడు చేయాల్సిన ఆ ఉద్యోగం, పెరిగి పెరిగి 'వుడ్‌వర్డియన్ ప్రొఫెసర్' అనే పదవి అయింది. తర్వాతి కాలంలో పెళ్లి షరతు తీసేశారు, కంగారు పడకండి. 1818లో ఆ పదవిలోకి ఆడమ్ సెడ్జ్‌విక్ వచ్చాడు. మ్యూజియానికి ఉన్న పేరు ఆయనదే. 1873లో చనిపోయేదాకా, అంటే 55 ఏళ్లు అదే పదవిలో ఉన్నాడు. వచ్చేనాటికి ఆయనకి రాళ్ల గురించి తెలిసింది పెద్దగా లేదు. నేర్చుకున్నాడు. 1831 ఆగస్టులో ఒక 22 ఏళ్ల కుర్రాడిని వెంటబెట్టుకుని ఉత్తర వేల్స్ కొండల్లో రాళ్లు ఎలా చూడాలో నేర్పించాడు. ఆ కుర్రాడు అదే సంవత్సరం డిసెంబర్ 27న బీగిల్ అనే ఓడ ఎక్కి ప్రపంచం చుట్టడానికి వెళ్లిపోయాడు. పేరు చార్లెస్ డార్విన్.

మనకి డార్విన్ అంటే కోతులు, పిట్టల ముక్కులు గుర్తొస్తాయి. కానీ ఆ ప్రయాణంలో ఆయన తనని తాను ముందుగా భూగర్భ శాస్త్రవేత్త అనుకున్నాడు. అయిదేళ్లలో తెచ్చిన రాళ్లు దాదాపు 2,000. అవి కూడా ఇప్పుడు ఇదే సెడ్జ్‌విక్ మ్యూజియంలో ఉన్నాయి. ప్రతి రాయికీ నంబర్, ఆ నంబర్‌కి నోట్‌బుక్‌లో వివరం. వుడ్‌వర్డ్ చెప్పిన పద్ధతే.

తిరిగొచ్చాక 1849లో బ్రిటిష్ నౌకాదళం వేసిన ఒక శాస్త్రీయ పరిశీలనల పుస్తకంలో భూగర్భశాస్త్రం అధ్యాయం డార్వినే రాశాడు. రాయి తీసిన రోజే చీటీ అంటించాలి, రేపటికి వాయిదా వేస్తే కొన్నేళ్ల తర్వాత మీ చీటీ మీద మీకే నమ్మకం ఉండదు అని అందులో హెచ్చరించాడు. ఇంకో చిన్న విషయం చెప్పాడు, నేను చదివి ముచ్చటపడ్డాను. తలకిందులుగా కూడా చదవగలిగే నంబర్ల పక్కన ఒక చుక్క పెట్టమన్నాడు. అర్థమైందా? 6 తిరగేస్తే 9. 66 తిరగేస్తే 99. ఓడ ఊగుతుంటే రాయి పెట్టెలో అటూ ఇటూ దొర్లుతుంది. ఏది పైనో, ఏది కిందో తెలియకపోతే అర్జెంటీనా రాయి చిలీ రాయి అయిపోతుంది. ఒక్క చుక్క ఆ గొడవంతా ఆపుతుంది. తాను పడ్డ తిప్పల్లోంచి వచ్చిన సలహా అనిపిస్తుంది నాకు.

'ఇప్పుడు వాటితో ఏం పని, మ్యూజియంలో పడుకుని ఉన్నాయిగా' అని మీరు అనొచ్చు. ఒక ఉదాహరణ. 1835లో డార్విన్ గలాపగోస్‌లోని జేమ్స్ దీవిలో లావా రాళ్లు తీశాడు. ఒకే లావా ప్రవాహంలో అడుగు భాగంలో స్ఫటికాలు ఎక్కువగా ఉండటం చూసి, కరిగిన రాయి చల్లబడేటప్పుడు ముందు గట్టిపడిన స్ఫటికాలు బరువు వల్ల కిందికి దిగుతాయేమో, అందుకే ఒకే లావా నుంచి రకరకాల రాళ్లు పుడతాయేమో అని ఆలోచించాడు. 1844లో అది పుస్తకంలో వేశాడు. అగ్నిశిలలు ఎలా ఏర్పడతాయో చెప్పే ఆలోచనల్లో అది చాలా ముందుగా వచ్చినది. మన కాలంలో కొందరు పరిశోధకులు డార్విన్ నోట్సు, కేంబ్రిడ్జ్‌లో ఉన్న ఆయన రాళ్లు ముందు పెట్టుకుని, ఆ దీవికి వెళ్లి ఆయన నడిచిన దారిని వెతికారు. రాయి ఉంది, నంబర్ ఉంది, నోట్సు ఉంది కాబట్టే అది కుదిరింది. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఆ ప్రయాణమే లేదు.

తమాషా చూడండి. బరువైనవి కిందికి దిగుతాయి అనే అదే ఆలోచన. వుడ్‌వర్డ్ దాన్ని భూమి మొత్తానికి అంటగట్టి తప్పు చేశాడు. డార్విన్ ఒక లావా ప్రవాహానికి పెట్టి చూశాడు, పనికొచ్చింది. ఇద్దరి రాళ్లూ ఒకే మ్యూజియంలో ఉన్నాయి.

చీటీ లేకపోతే నష్టం, సరే. చీటీ అబద్ధమైతే? అది ఇంకా ప్రమాదం. ఇది మన దేశంలోనే జరిగింది. హిమాలయాల్లో దొరికాయని చెప్పి ఒక భారతీయ ప్రొఫెసర్ పాతికేళ్ల పాటు శిలాజాల మీద వందల పేపర్లు రాశాడు. 1989లో జాన్ టాలెంట్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త 'నేచర్' పత్రికలో దాన్ని బయటపెట్టాడు. ఆ శిలాజాల్లో కొన్ని అచ్చం మొరాకోలో దొరికేవాటిలా ఉన్నాయి. అవి షాపుల్లో అమ్మే రకం. శిలాజాలు నకిలీవి కావు, నిజమైనవే. అబద్ధం ఒక్క ఊరి పేరులోనే ఉంది. కానీ ఆ ఊరి పేరు నమ్మి, హిమాలయాల వయసు, పొరల వరస లెక్కలు వేసుకున్న మిగతా శాస్త్రవేత్తల పనంతా అనుమానంలో పడింది. ఒక రాయి ఫేక్ అయితే ఒక రాయే పోతుంది. ఒక లేబుల్ ఫేక్ అయితే దాన్ని నమ్మిన లెక్కలన్నీ పోతాయి.

ఇంకో సంగతి కూడా చెప్పి ముగిస్తాను, ఇది కొంచెం ఇబ్బందిపెట్టే సంగతి. వుడ్‌వర్డ్ ఆ 1696 పుస్తకంలోనే, రాళ్లు ఏరే పని నౌకర్లతో, నావికులతో చేయించొచ్చు, మీ వ్యాపారానికేమీ అడ్డం రాదు అని సలహా ఇచ్చాడు. అంటే ఆ సొరుగుల్లోని రాళ్లలో చాలావాటిని మొదట చేత్తో పట్టుకున్నది ఆయన కాదు, ఆయనకి పంపిన పెద్దమనుషులూ కాదు. గని లోపలికి దిగిన కూలీ, ఓడ మీద పనిచేసిన మనిషి, ఎవరిదో ఎస్టేట్‌లో వేరే దారి లేక పనిచేసిన మనిషి. చీటీ మీద ఊరు ఉంటుంది, లోతు ఉంటుంది, పంపిన దొరగారి పేరు ఉండొచ్చు. తవ్వినవాడి పేరుకి మాత్రం ఆ పుస్తకంలో గడే లేదు. ఎంత జాగ్రత్తగా రాసినా, ఏది రాయాలో నిర్ణయించేది మనిషే కదా. ఆ గడి లేకపోవడం కూడా ఆ కాలం గురించి ఒక వివరమే.

ఎప్పుడైనా కేంబ్రిడ్జ్ వైపు వెళ్తే, లేదా అక్కడ చదువుకుంటున్న మనవాళ్లు ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే, డౌనింగ్ స్ట్రీట్‌లో ఉంటుంది ఈ మ్యూజియం. డైనోసార్ చూశాక ఆ బీరువాల దగ్గరికి కూడా వెళ్లండి. మెరిసేవాటిని కాదు, మామూలు రాయి ఏదైనా ఒకదాన్ని చూడండి. దాని మీద అంటించిన ఆ చిన్న కాగితం ముక్కని చూడండి.

మొన్న ఈ ఎపిసోడ్ కోసం చదువుతూ నేను కూడా నా బిస్కెట్ డబ్బా తీసి కూర్చున్నాను. మొత్తం 31 రాళ్లు. తెల్ల కాగితం చిన్న ముక్కలుగా కత్తిరించి నంబర్లు వేసి అంటించాను. 6, 9 పక్కన చుక్కలు కూడా పెట్టాను. నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెడితే ఊరు పేరు ఖాయంగా రాయగలిగినవి నాలుగే తేలాయి. ఒకటి మంగంపేట. ఒకటి బేతంచెర్ల, అది మా మావయ్య ఇంటి అరుగు వేసేటప్పుడు మిగిలిన బండ ముక్క. ఇంకో రెండు మా ఊరివే. ఈ పలుగురాయి నంబర్ 17. దాని ఎదురుగా 'ఎక్కడ దొరికిందో తెలియదు' అని రాశాను. వైజాగ్ అని రాసేయాలనిపించింది, అబద్ధం చెప్పను. పెన్ను కూడా పెట్టాను. మళ్లీ కొట్టేసి, తెలియదు అనే రాశాను.

వచ్చే వారం ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.